గోల్ కొట్టనివాడి కెరీర్: హైదరాబాద్ డిఫెండర్ నయీముద్దీన్ కథ

ఆత్మకూరు నుంచి ఒక తమ్ముడు నాకు వాయిస్ మెసేజ్ పంపాడు. "అన్నా, నేను బ్యాక్ ఆడతా. గోల్స్ కొట్టేది వేరేవోడు, పేరొచ్చేది వాడికే. ఇంట్లో ఏమో ఈ ఆట కూడు పెడతదా అంటన్నారు. నాలాంటోడికి ఫుట్‌బాల్‌లో బతుకుందా?" అని. నిమిషం కూడా లేని మెసేజ్. కానీ దానికి జవాబు చెప్పాలంటే డెబ్బై ఎనభై ఏళ్ళ చరిత్ర చెప్పాలి. అందుకే ఈ ఎపిసోడ్.

ముందే ఒక మాట. మన ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి ఇండియాకి ఆడిన ఒక పెద్ద డిఫెండర్ పేరు చెప్పి మిమ్మల్ని ఉత్సాహపరచాలని నాకూ ఉంది. కానీ లేని గొప్ప నేను కల్పించను. మన తెలుగు నేల మీద ఈ ప్రశ్నకి అసలైన జవాబు హైదరాబాద్‌లో ఉంది. ఒకప్పుడు ఇండియా ఫుట్‌బాల్‌కి కలకత్తా ఒక కాలైతే హైదరాబాద్ రెండో కాలు. ఆ హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక డిఫెండర్ ఇండియాకి కెప్టెన్ అయ్యాడు, తర్వాత ఇండియాకి కోచ్ అయ్యాడు. ఆయన పేరు సయ్యద్ నయీముద్దీన్. 1944లో హైదరాబాద్‌లో పుట్టాడు.

ఆయన దగ్గరికి వెళ్ళే ముందు మన కొండ గురించి రెండు ముక్కలు చెప్తాను, ఎందుకో మీకే తెలుస్తుంది. ఉదయగిరి దుర్గం మీకు తెలిసిందే. సుమారు 3,000 అడుగుల కొండ. శ్రీకృష్ణదేవరాయలు 1513లో వచ్చి దాన్ని ముట్టడించాడు. 1514లో గానీ కోట చిక్కలేదు. దాదాపు ఏడాదిన్నర! దక్షిణాదిలో అంత పెద్ద సైన్యం ఉన్న రాజుని అన్నాళ్ళు కింద నిలబెట్టిన మనిషి ఎవరు? గజపతుల బంధువు, తిరుమల రౌతరాయలు. ఈ పేరు మీలో ఎంతమంది విన్నారు? కోట గెలిచిన రాయలు అందరికీ తెలుసు. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకెళ్ళి గుడి కట్టించాడు కూడా. కాపలా కాసినవాడి పేరు మాత్రం శాసనాలు చదివేవాళ్ళకే తెలుసు.

ఫుట్‌బాల్ లెక్కల పుస్తకం కూడా ఇట్టాంటిదే. స్కోరు పక్కన గోల్ కొట్టినవాడి పేరు, నిమిషం రాస్తారు. పడాల్సిన గోల్‌ని పడకుండా ఆపినవాడికి అక్కడ గడి లేదు. అందుకే ఒక డిఫెండర్ కెరీర్ చెప్పాలంటే గోల్స్ లెక్కపెడితే కుదరదు. వాడికి ఎవరు నేర్పారు, ఎవరు జీతం ఇచ్చారు, వాడు తర్వాత ఎవరికి నేర్పాడు, ఈ మూడూ చూడాలి. నయీముద్దీన్ కథని నేను ఈ మూడు ప్రశ్నలతోనే చెప్తాను.

మొదటిది, నేర్పినవాళ్ళు. 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా చూశారా? అజయ్ దేవగన్ వేసింది సయ్యద్ అబ్దుల్ రహీం పాత్ర. అందరూ రహీం సాబ్ అంటారు. వృత్తికి బడిపంతులు. 1943 నుంచి 1963లో చనిపోయేదాకా హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుని నడిపించాడు. ఆ జట్టు బొంబాయిలో జరిగే రోవర్స్ కప్‌ని 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు గెలిచింది. 1950లో డ్యూరాండ్ కప్ కూడా గెలిచింది. కలకత్తా పెద్ద క్లబ్బులు ఉండగా, ఒక పోలీసు జట్టు!

రహీం సాబ్ పద్ధతి చూడండి, ఇప్పటికీ పనికొస్తుంది. ఆయన కొన్ని వింత టోర్నమెంట్లు పెట్టేవాడు. ఒకదాంట్లో డ్రిబ్లింగ్ చెయ్యకూడదు, బంతి రాగానే పాస్ ఇచ్చెయ్యాలి. ఇంకొకదాంట్లో చేతకాని కాలితోనే ఆడాలి, అంటే కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితో. ఇది ఎవరికి ఎక్కువ లాభం? ఆలోచిస్తే డిఫెండర్‌కే. ఫార్వర్డ్ తనకిష్టమైన కాలి మీదికి బంతి తెచ్చుకునేదాకా ఆగొచ్చు. డిఫెండర్‌కి ఆ టైమ్ ఉండదు. బంతి ఏ కాలి దగ్గర పడితే ఆ కాలితోనే బయటికి తీయాలి. ఒక్క సెకను తటపటాయించావంటే వెనక గోల్‌కీపర్ ఒక్కడే ఉంటాడు.

ఆ జట్టు నుంచి వచ్చిన మొదటి పెద్ద డిఫెండర్ నయీముద్దీన్ కాదు. ఆయనకంటే ముందు ఎస్.కె. అజీజుద్దీన్ ఉన్నాడు. ఫుల్ బ్యాక్. 1952 హెల్సింకి ఒలింపిక్స్, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్, రెండు జట్లలోనూ ఆయన ఉన్నాడు. ఈ రెండు తేదీల మధ్య ఇండియా ఫుట్‌బాల్ ఎంత మారిందో చూడండి.

1952లో యుగోస్లావియా మీద మనం 10-1తో ఓడిపోయాం. పది గోల్స్! మనవాళ్ళలో చాలామంది బూట్లు లేకుండా ఆడారు. అక్కడేమో చలి, జారే నేల. మన దేశంలో చాలా మ్యాచ్‌లు అప్పుడు 70 నిమిషాలే జరిగేవి, అక్కడ 90 నిమిషాలు ఆడాలి. ఆ దెబ్బకి తర్వాత మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. ఓడిపోయాక కారణం వెతికి నియమం మార్చారు, అది మెచ్చుకోవాలి.

నాలుగేళ్ళ తర్వాత, 1956 డిసెంబర్ 1న, మెల్బోర్న్‌లో ఆస్ట్రేలియాని వాళ్ళ గడ్డ మీదే 4-2తో ఓడించాం. నెవిల్ డిసౌజా మూడు గోల్స్ కొట్టాడు. సెమీఫైనల్లో మళ్ళీ అదే యుగోస్లావియా. ఈసారి ముందు గోల్ కొట్టింది మనమే! తర్వాత వాళ్ళు నాలుగు కొట్టి 4-1తో గెలిచారు. మూడో స్థానం మ్యాచ్‌లో బల్గేరియా 3-0. మొత్తానికి ప్రపంచంలో నాలుగో స్థానం. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌లో ఆసియా నుంచి సెమీఫైనల్ దాకా వెళ్ళిన మొదటి జట్టు మనదే. ఆ జట్టులో అజీజుద్దీన్‌తో పాటు నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, జుల్ఫికరుద్దీన్, తులసీదాస్ బలరాం, వీళ్ళంతా హైదరాబాదీలే.

నయీముద్దీన్‌కి అప్పుడు పన్నెండేళ్ళు. తన ఊరివాళ్ళు ఒలింపిక్స్ ఆడి వచ్చిన కాలంలో, వాళ్ళు ప్రాక్టీస్ చేసే ఊళ్ళోనే పెరిగాడు. ఇది చిన్న విషయం అనుకోవద్దు. మన దగ్గర ఒక అబ్బాయికి క్రికెట్ అంటే ఎవరిలా ఆడాలో వెంటనే తెలుస్తుంది, టీవీలో చూస్తాడు కాబట్టి. ఆ రోజుల్లో హైదరాబాద్ కుర్రాడికి డిఫెండర్ అంటే ఎట్టా ఉండాలో గ్రౌండ్ గట్టు మీద కూర్చుంటే కనపడేది.

ఇక రెండో ప్రశ్న. జీతం ఎవరిచ్చారు?

ఇది చాలామందికి తెలీదు. ఆ కాలంలో ఇండియాలో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ అనేది కాగితం మీద లేనే లేదు. అందరూ అమెచ్యూర్లే, అంటే సరదాకి ఆడేవాళ్ళ కిందే లెక్క. మరి పొద్దున్నా సాయంత్రం ప్రాక్టీస్ చేసేవాడు ఏం తిని బతకాలి? దానికి హైదరాబాద్ కనిపెట్టిన జవాబు ఉద్యోగం. పోలీసు శాఖలో చేర్చుకుంటారు, జీతం పోలీసు జీతం, పని ఎక్కువగా ఫుట్‌బాల్. కలకత్తాలో రైల్వేలు, కస్టమ్స్ లాంటి శాఖలకి జట్లు ఉండేవి, అక్కడా ఇదే దారి. క్లబ్బులు ఆటగాళ్ళకి లోపాయికారీగా డబ్బులిచ్చేవి.

పేదింటి నుంచి, మధ్యతరగతి నుంచి వచ్చిన కుర్రాడికి ఈ ఏర్పాటు ఎంత ధైర్యమో ఆలోచించండి. మోకాలు పోయినా ఉద్యోగం పోదు. ముప్పై ఐదేళ్ళకి ఆట ఆగినా నెల జీతం ఆగదు. ఇంట్లో అమ్మానాన్నల్ని ఒప్పించడానికి ఇంతకంటే ఏం కావాలి? "ఆట కూడు పెడతదా" అన్న ప్రశ్నకి ఆ తరం చెప్పిన జవాబు ఒక పోలీసు యూనిఫాం.

నయీముద్దీన్ కూడా ఈ దారిలోనే వచ్చాడు. హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకి ఆడుతూ 1964లో ఇండియా జట్టులోకి వచ్చాడు. 1965-66లో ఆంధ్రప్రదేశ్ సంతోష్ ట్రోఫీ గెలిచిన కాలం అది. రాష్ట్రాల మధ్య జరిగే జాతీయ పోటీ కదా సంతోష్ ట్రోఫీ, అంతకు ముందు 1956-57, 1957-58 సీజన్లలో హైదరాబాద్ వరసగా రెండుసార్లు గెలిచింది. ఈ లెక్కలు మన బళ్ళలో ఎక్కడా చెప్పరు, అందుకే చెప్తున్నా.

తర్వాత నయీముద్దీన్ కలకత్తా వెళ్ళాడు. ఈస్ట్ బెంగాల్‌కి ఆడాడు, మోహన్ బగాన్‌కీ ఆడాడు. ఈ రెండు క్లబ్బుల మధ్య పోటీ ఎట్టాంటిదంటే, ఈస్ట్ బెంగాల్ గెలిస్తే అక్కడ ఇలిష్ చేప కొంటారు, మోహన్ బగాన్ గెలిస్తే రొయ్యలు కొంటారు. ఇలిష్ అంటే మన గోదావరోళ్ళ పులసే. ఒక మ్యాచ్ మీద చేపల బజారు ధర మారే ఊరు అది. అట్టాంటి ఊళ్ళో బయటి నుంచి వచ్చిన తెల్ల కాగితం లాంటి కుర్రాడు, బెంగాలీ వాడు కాదు, వెనక నిలబడి ఆడాలి. ఫార్వర్డ్ మూడు అవకాశాలు వదిలేసి నాలుగోది కొడితే హీరో. డిఫెండర్ ఎనభై తొమ్మిది నిమిషాలు బాగా ఆడి, ఒక్క నిమిషం జారితే ఆ ఒక్క నిమిషమే జనానికి గుర్తుంటుంది. ఆ ఒత్తిడిలో నిలబడి, రెండు శత్రు క్లబ్బుల్లోనూ గౌరవం తెచ్చుకోవడం మామూలు సంగతి కాదు.

ఇప్పుడు ఆయన కెరీర్‌లో పెద్ద రోజు. 1970 డిసెంబర్, బ్యాంకాక్ ఆసియా క్రీడలు. ఇండియా కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్. సెమీఫైనల్లో బర్మా చేతిలో ఓడిపోయాం. బర్మా అంటే ఇప్పటి మయన్మార్, అప్పట్లో ఆసియాలోనే గట్టి జట్టు. ఆ ఏడు బర్మా, దక్షిణ కొరియా బంగారాన్ని పంచుకున్నాయి. మనకి మిగిలింది మూడో స్థానం మ్యాచ్, జపాన్‌తో. ఈ జపాన్ ఎవరో తెలుసా? రెండేళ్ళ ముందు, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన దేశం.

మనం 1-0తో గెలిచాం.

ఆ స్కోరుని ఒకసారి డిఫెండర్ కళ్ళతో చూడండి. 'ఒకటి' ఎవరిదో పేపర్లో రాస్తారు. 'సున్నా' ఎవరిది? అది వెనక నిలబడిన వాళ్ళందరిదీ. ఒక్క గోల్ ఆధిక్యం ఉన్నప్పుడు చివరి పదిహేను నిమిషాలు ఎట్టా గడుస్తాయో బ్యాక్ ఆడే ప్రతి తమ్ముడికీ తెలుసు. ఆ కాంస్యం తర్వాత ఈ రోజు వరకూ ఆసియా క్రీడల పురుషుల ఫుట్‌బాల్‌లో ఇండియాకి ఇంకో పతకం రాలేదు. అంటే మన దేశం ఆ వేదిక మీద ఆఖరిసారి నిలబడినప్పుడు ముందు నిలబడిన మనిషి హైదరాబాద్ డిఫెండర్. ఆ ఏడాదికి ఆయనకి అర్జున అవార్డు వచ్చింది.

మూడో ప్రశ్న. తర్వాత ఆయన ఎవరికి నేర్పాడు?

డిఫెండర్‌కి ఒక లాభం ఉంది. వాడు ఆట మొత్తాన్ని ముందు పెట్టుకుని చూస్తాడు. ఫార్వర్డ్ వీపు చాలాసార్లు తన జట్టు వైపు ఉంటుంది, డిఫెండర్‌కి మాత్రం దాదాపు అందరూ కనపడతారు. ఎవరు ఖాళీగా ఉన్నారు, ఎవరు అలిసిపోయారు, ఎక్కడ సందు పడింది, ఇదంతా అరిచి చెప్పడం వాడి పని. గమనిస్తే అది సగం కోచ్ పనే. నయీముద్దీన్ ఆట మానేశాక పూర్తిగా కోచింగ్‌లోకి వెళ్ళాడు, క్రమశిక్షణకి పేరు తెచ్చుకున్నాడు.

1990లో ఈస్ట్ బెంగాల్ ఆయన కోచింగ్‌లో ఒకే సీజన్లో ఐఎఫ్ఏ షీల్డ్, డ్యూరాండ్, రోవర్స్, మూడూ గెలిచింది. ఆ ఏడాది ద్రోణాచార్య అవార్డు ఇచ్చారు. ఆడినందుకు అర్జున, నేర్పినందుకు ద్రోణాచార్య. భారత జాతీయ జట్టుకి ఒకటికంటే ఎక్కువసార్లు కోచ్‌గా పనిచేశాడు. 2005 డిసెంబర్‌లో కరాచీలో జరిగిన శాఫ్ ఛాంపియన్‌షిప్ ఫైనల్లో ఇండియా బంగ్లాదేశ్‌ని 2-0తో ఓడించింది, అప్పుడు కోచ్ ఆయనే. విచిత్రం ఏంటంటే తర్వాత బంగ్లాదేశ్ జాతీయ జట్టు కూడా ఆయన్నే కోచ్‌గా పెట్టుకుంది.

ఇట్టా చూస్తే ఆయన కెరీర్ 1960ల నుంచి 2000ల దాకా, నలభై ఏళ్ళకి పైగా. అందులో ఆడింది పదేళ్ళ చిల్లర. మిగతాదంతా నేర్పడం. రికార్డు పుస్తకంలో గోల్స్ వెతికితే ఈ మనిషి కనపడడు.

సరే, ఇంత గొప్ప హైదరాబాద్ ఇప్పుడు ఏమైంది? రహీం సాబ్ 1963 జూన్‌లో క్యాన్సర్‌తో చనిపోయాడు, అంతకు తొమ్మిది నెలల ముందే జకార్తా ఆసియా క్రీడల్లో బంగారం తెచ్చిపెట్టాడు. ఆయన తర్వాత కొంతకాలం నయీముద్దీన్ లాంటివాళ్ళు, ఆ తర్వాత షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్ లాంటివాళ్ళు వచ్చారు. కానీ మంచి ఆటగాడు కలకత్తాకి వెళ్ళిపోవడం అలవాటైంది. శాఖల్లో ఆటగాళ్ళ నియామకాలు తగ్గాయి. 1983 తర్వాత క్రికెట్ గాలి వీచింది. నేర్పేవాడు, జీతం ఇచ్చేవాడు, ఆడే చోటు, ఈ మూడింట్లో ఒక్కోటీ జారిపోయింది. ప్రతిభ తగ్గిందని నేననుకోను. పిల్లలు ఎప్పుడూ పుడుతూనే ఉంటారు, వాళ్ళని పట్టుకునే వల చిరిగింది.

1996లో నేషనల్ ఫుట్‌బాల్ లీగ్ మొదలైంది, 2007లో అది ఐ-లీగ్ అయింది, 2014లో ఐఎస్ఎల్ వచ్చింది. ఇప్పుడు కాంట్రాక్టులు ఉన్నాయి, మంచి డబ్బు ఉంది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ పుట్టింది, 2022 మార్చి 20న పెనాల్టీల్లో కేరళ బ్లాస్టర్స్‌ని ఓడించి ఛాంపియన్ అయింది. గచ్చిబౌలిలో మళ్ళీ పండగ అనుకున్నాం. తర్వాత డబ్బు ఇబ్బందులు, జీతాల గొడవలు. 2025లో ఆ క్లబ్ ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. మూడేళ్ళలో ఛాంపియన్ కాస్తా ఊరే లేకుండా పోయింది! పాత పోలీసు జట్టులో జీతం తక్కువ, కానీ అది ఢిల్లీకి లేచిపోదు. తేడా అర్థమైంది కదా. శ్రీనిధి డెక్కన్ లాంటి క్లబ్ ఇంకా ఉంది, ఐ-లీగ్‌లో వరసగా రెండు సీజన్లు రెండో స్థానంలో నిలిచింది. దారి మూసుకుపోలేదు, సన్నబడింది.

ఇప్పుడు ఆత్మకూరు తమ్ముడికి నా జవాబు. ఉంది తమ్ముడూ, బతుకుంది. కానీ ఒంటరిగా లేదు. నయీముద్దీన్ వెనక ఒక పంతులు, ఒక శాఖ, ఒక ఊరి గ్రౌండ్ ఉన్నాయి. నీకు అవి ఎక్కడ దొరుకుతాయో ముందు అది వెతుకు.

జిల్లా సెలెక్షన్స్ ఎప్పుడో కనుక్కో, బడి తరఫున, కాలేజీ తరఫున, యూనివర్సిటీ తరఫున ఆడు. ప్రతి సర్టిఫికెట్ జాగ్రత్త చేసుకో. రైల్వేలు, పోలీసు, ఇతర ప్రభుత్వ ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటా అడిగేది ఆ కాగితాలే. పాత పోలీసు జట్టు వదిలి వెళ్ళిన తలుపు అదే. చదువు మానొద్దు. రెండు కాళ్ళతోనూ ఆడటం నేర్చుకో, దీనికి పైసా ఖర్చు లేదు, ఒక గోడ చాలు. వయసు వచ్చాక ఏఐఎఫ్ఎఫ్ డి-లైసెన్స్ కోచింగ్ కోర్సు గురించి తెలుసుకో, రెఫరీ పరీక్ష గురించి కూడా. ఆట ఆగాక బతుకు అక్కడ మొదలవుతుంది.

మిగతావాళ్ళకి, అంటే ఆడని మనలాంటోళ్ళకి కూడా ఒక పని ఉంది. ఉదయగిరిలోగానీ ఆత్మకూరులోగానీ బడి గ్రౌండ్ మీద కన్నేసినప్పుడు, అక్కడ ఏదో ఒక కట్టడం లేపుదాం అన్నప్పుడు, గట్టిగా వద్దని చెప్పండి. సాయంత్రం అయిదింటికి పిల్లలకి ఆడుకునే చోటు ఉండాలి. మీ ఊళ్ళో ఫుట్‌బాల్ నేర్పే పీఈటీ మాస్టారు ఎవరైనా ఉంటే ఆయన పద్ధతి ఏంటో, ఎంతమందికి నేర్పాడో నాకు రాసి పంపండి. వాళ్ళ మీద ఒక ఎపిసోడ్ చేద్దాం. ఉంటాను, నమస్తే.